కోటకు వెళ్లే దారి: గోల్డ్ కోస్ట్ ఘనా అయిన కథ

(ఏలూరు జిల్లాలోని ఒక గ్రంథాలయంలో విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, మైకులోకి గాలే ఎక్కువ వెళ్తోంది.

గ్రంథాలయంవాళ్లు "మాస్టారూ, ఆఫ్రికా గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ఆఫ్రికా అంటే యాభై నాలుగు దేశాలండీ, ఒక సాయంత్రంలో ఎలా చెప్తాం? అందుకని ఒక్క దేశం తీసుకున్నాను. ఘనా. పూర్వం దాన్ని గోల్డ్ కోస్ట్ అనేవాళ్లు, బంగారు తీరం. దాన్నే ఎందుకు తీసుకున్నానంటే, ఇక్కడున్నవాళ్లలో సగంమందికి కొబ్బరి కిందో పామాయిల్ కిందో కోకో ఉంది. కోకో కాయ కొట్టి, గింజ పులియబెట్టి, ఎండబెట్టి, కంపెనీ మనిషి ఎంత చెప్తాడా అని చూసేవాళ్లకి ఘనా చరిత్ర నేను పెద్దగా విడమర్చక్కర్లేదు. ఈ కథలో చాలా భాగం ఆ ఎదురుచూపే.

ముందు మ్యాపు చూడండి. ఆఫ్రికా పొట్ట కింద, పడమటి వంపులో, సముద్రం ఒడ్డున ఉంటుంది ఘనా. ఆ ఒడ్డునంతా కోటలే. 1482లో పోర్చుగీసువాళ్లు ఎల్మినాలో మొదటి కోట కట్టారు. 1637లో దాన్ని డచ్చివాళ్లు లాక్కున్నారు. డేన్లు, అంటే డెన్మార్క్‌వాళ్లు, ఇప్పటి రాజధాని అక్రా పక్కన ఓసులో క్రిస్టియన్స్‌బోర్గ్ అని ఒకటి కట్టారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంగ్లీషువాళ్లకి కేప్ కోస్ట్ కోట. ఇదంతా మనకి కొత్తేం కాదు. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లున్నారు కదా? తరంగంబాడిలో డేన్ల కోట ఉంది. 1845లో తరంగంబాడిని ఇంగ్లీషువాళ్లకి అమ్మేసిన ఆ డేన్లే, 1850లో ఓసు కోటని, అక్కడి తమ స్థావరాలన్నింటినీ కలిపి పదివేల పౌండ్లకి ఇంగ్లీషువాళ్లకే అమ్మేశారు. ఊళ్లనీ మనుషుల్నీ గంపగుత్తగా అమ్మేసుకోవడం అన్నమాట.

ఒక్క తేడా ఉంది. మన రేవుల నుంచి బట్ట వెళ్లింది. అక్కడి నుంచి మనుషులు వెళ్లారు. కేప్ కోస్ట్ కోటలో నేల కింద చీకటికొట్లు. బానిసల్ని వాటిలో పెట్టి తాళం వేసేవాళ్లు, ఓడ వచ్చేదాకా. మగవాళ్లని కుక్కిన కొట్టుకి సరిగ్గా పైన చర్చి. పైన ప్రార్థన జరుగుతుంటే కింద ఏం వినిపించేదో మీరే ఊహించుకోండి. 1807లో ఇంగ్లండు ఆ వ్యాపారం మానేసింది. మానేసి వెళ్లిపోయిందా అంటే, లేదు. మరో వ్యాపారం వెతుక్కుంది.

1844 మార్చి 6న తీరంలోని కొందరు ఫాంటీ దొరలు, అంటే అక్కడి తెగ పెద్దలు, కేప్ కోస్ట్‌లో ఒక చిన్న కాగితం మీద సంతకాలు పెట్టారు. హత్యలూ దోపిడీల విచారణ ఇంగ్లీషు అధికారుల ముందు జరగాలి, నరబలులు ఆగాలి, అంతే అందులో ఉన్నది. భూమి ఇస్తున్నామని ఒక్క మాట లేదు. అయినా ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, 1874లో, అది బ్రిటిష్ రాణిగారి కాలనీ అయిపోయింది. ఏ ఊళ్లో అయినా అంతే. ముందు "మీ తగాదాలు మేం తీరుస్తాం" అని కూర్చుంటారు. ఆ కుర్చీ ఇంక లేవదు.

కుర్చీ అన్నాను కాబట్టి పీట కథ చెప్తాను. ఇది కొంచెం తీరిగ్గా చెప్పాలి.

తీరానికి ఉత్తరాన అడవుల్లో అశాంతి అనే జాతివాళ్ల రాజ్యం ఉండేది. రాజధాని కుమాసి. ఇంగ్లీషువాళ్లకి వాళ్లు చాలా గట్టి శత్రువులు. 1824లో మెకార్తీ అనే గవర్నరు వాళ్ల మీదికి యుద్ధానికెళ్లి చచ్చిపోయాడు. తర్వాత 1874లో వూల్స్‌లీ అనే సేనాని కుమాసిని తగలబెట్టాడు. అశాంతుల ప్రాణం మాత్రం ఊళ్లో లేదు, ఒక పీటలో ఉంది. బంగారు పీట. వాళ్ల గాథ ఏమిటంటే, ఒకోంఫో అనోచే అనే గురువు మంత్రంతో దాన్ని ఆకాశం నుంచి దింపాడట, అది నేరుగా ఓసెయ్ టుటూ రాజు ఒళ్లో వాలిందట. శుక్రవారం వచ్చింది కాబట్టి దానికి కోఫీ అని పేరు. అశాంతులు చేరిన అకాన్ జనంలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుడితే కోఫీ, శనివారమైతే క్వామే. ఐక్యరాజ్య సమితికి కోఫీ అన్నన్ వచ్చినప్పుడు మా క్లాసులో పిల్లలు కాఫీ అన్నం అని నవ్వారు. ఆయన శుక్రవారం పుట్టాడర్రా అని చెప్పాల్సొచ్చింది. (నవ్వులు)

ఆ పీట మీద ఎవరూ కూర్చోరు. రాజు కూడా కూర్చోడు. పీటకే ఒక ఆసనం వేస్తారు. జాతి ఆత్మ అందులో ఉందని నమ్మకం. 1896లో ఇంగ్లీషువాళ్లు రాజు ప్రెంపేని పట్టుకుపోయారు. ముందు సియెర్రా లియోన్, ఆ తర్వాత హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవులు. రాజు పోయాడు, పీట దొరకలేదు.

1900 మార్చి 28న గవర్నర్ హాడ్జ్‌సన్ కుమాసికి వచ్చి దొరలందర్నీ కూర్చోబెట్టి ప్రసంగం చేశాడు. పీట ఏదీ అన్నాడు. నేను ఇప్పుడు దాని మీద ఎందుకు కూర్చోలేదు అన్నాడు. తను మహారాణి ప్రతినిధి కాబట్టి దాని మీద కూర్చునే హక్కు తనదేనట. మన ఊరి గుడికి కలెక్టరొచ్చి, మూలవిరాట్టుని పక్కకి జరపండి, పీఠం మీద నేను కూర్చుంటాను అంటే ఎలా ఉంటుంది? ఆయనకి తెలియక అన్నాడనే అనుకుంటాను. తెలియకపోవడం నేరం కాకపోవచ్చు. కానీ నువ్వు ఏలుతున్న జనం దేన్ని మొక్కుతారో తెలుసుకోకుండా ఏలడం అలవాటైపోయింది చూశారూ, సామ్రాజ్యమంటే అదీ.

వాళ్లు మారు మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారు. కొన్నాళ్లకే యుద్ధం. నడిపించింది ఎజిసు రాజమాత యా అసంతెవా. పెద్దవయసు మనిషి. గవర్నరు, ఆయన భార్య కుమాసి కోటలో చిక్కుకుపోయి, వారాల తరబడి తిండికి కటకటలాడి, చివరికి దారి చేసుకుని పారిపోయారు. తర్వాత అదనపు సైన్యం వచ్చింది, అశాంతి ఓడింది, రాజమాతని కూడా సీషెల్స్‌కి పంపారు. 1921లో ఆమె అక్కడే పోయింది. పీట మాత్రం దొరకలేదు. 1920 ప్రాంతంలో రోడ్డు పనివాళ్ల తవ్వకంలో బయటపడితే, అప్పటికి బుద్ధొచ్చిన ప్రభుత్వం, మాకు దాంతో పని లేదు, మీరే ఉంచుకోండి అంది. ప్రెంపేని 1924లో తిరిగి రానిచ్చారు.

ఇంక కోకో. రైతులు కొంచెం ముందుకు జరగొచ్చు. (నవ్వులు)

టెట్టే క్వార్షీ అని ఒక కమ్మరి. 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి కోకో గింజలు తెచ్చి అక్వాపిం కొండల్లో మాంపాంగ్ అనే ఊళ్లో నాటాడు. అక్కడి నుంచి పాకింది. ఇందులో నాకు నచ్చిన సంగతి, తెల్లదొరల ఎస్టేట్లు లేవు. మన అస్సాం టీ తోటల్లాంటివి కావు. నల్ల రైతులే, అన్నదమ్ములూ బంధువులూ కలిసి డబ్బులేసుకుని, పడమటి అడవుల్లో భూమి కొని, చెట్లు కొట్టి, అరటీ దుంపలూ నీడకేసి, మధ్యలో కోకో పెట్టారు. 1911 నాటికి లోకంలో అందరికంటే ఎక్కువ కోకో పండించేది గోల్డ్ కోస్టే. ముప్ఫై రెండేళ్లు, అంతే. తెల్లదొరలు నేర్పితే వచ్చింది కాదు అది.

పండించేది వాళ్లు. మరి ధర? ఓడలు ఇంగ్లీషువాళ్లవి, బ్యాంకు ఇంగ్లీషువాళ్లది, కొనే కంపెనీలూ వాళ్లవే. 1937లో ఆ కంపెనీలన్నీ దాదాపుగా ఒక్కటై, పోటీ పడకుండా ఇంతకే కొందాం, కొన్న సరుకు ఫలానా లెక్కన పంచుకుందాం అని ఒప్పందం రాసుకున్నాయి. యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ, క్యాడ్బరీ, అందరూ ఉన్నారు. గుంటూరు పొగాకు రైతులకి తెలిసిన ఆటే. రైతులు ఏం చేశారు? అమ్మడం మానేశారు. బస్తాలు ఇళ్లలో, ఊళ్లలో పేర్చుకుని కూర్చున్నారు. కంపెనీ కొట్లలో సరుకు కొనడం కూడా ఆపేశారు. రైతులు, తెగ దొరలు, లారీ డ్రైవర్లు, అందరూ కలిసి. నవంబరు నుంచి మరుసటి ఏడు ఏప్రిల్ దాకా. గోల్డ్ కోస్ట్ స్వాతంత్ర్యం ఎక్కడ మొదలైంది అని పరీక్షలో అడిగితే 1947లో పార్టీ పెట్టినప్పుడు అని రాస్తారు. నన్ను అడిగితే ఆ బస్తాల దగ్గర మొదలైంది అంటాను. మార్కులు పడకపోవచ్చు.

లండన్ నుంచి విచారణ సంఘం వచ్చింది. కంపెనీల ఒప్పందం తప్పని రాసింది. ఇంతలో ప్రపంచ యుద్ధం. కోకో మొత్తం ప్రభుత్వమే కొనడం మొదలుపెట్టింది. యుద్ధం అయ్యాక 1947లో దాన్నే కోకో మార్కెటింగ్ బోర్డుగా స్థిరపరిచారు. బోర్డు ఒక ధర నిర్ణయిస్తుంది. బయట ఎక్కువ పలికితే మిగిలింది దాస్తుంది, తక్కువ పలికితే అందులోంచి తీసి ఇస్తుంది. కాగితం మీద బంగారం లాంటి ఏర్పాటు. దాచిన డబ్బు మాత్రం లండన్‌లో ఉండేది, బ్రిటిష్ బాండ్లలో. యుద్ధంలో చితికిపోయిన ఇంగ్లండుకి అప్పు ఇచ్చింది ఎవరయ్యా అంటే, అక్వాపిం కొండల మీద కాయ కొట్టుకునే రైతు.

అదే సమయంలో చెట్టుకి తెగులొచ్చింది. కొమ్మ ఉబ్బి, ఆకు మాడి, చెట్టు చచ్చిపోయే వైరస్సు. మందు లేదు, నరకడం ఒక్కటే దారి. ఇప్పటికీ అంతే. శాస్త్రం ప్రకారం ప్రభుత్వం చెప్పింది నిజమే. కానీ సర్కారు మనుషులు కత్తులు పట్టుకుని తోటలో దిగి, కాయ మీదున్న చెట్టుని నరుకుతుంటే, గట్టు మీద నిలబడ్డ రైతుకి శాస్త్రం కనపడుతుందా?

ఇప్పుడు 1948 ఫిబ్రవరి 28కి వద్దాం. శనివారం.

దానికి ముందు రెండు మాటలు. యుద్ధంలో గోల్డ్ కోస్ట్ కుర్రాళ్లు అరవై వేలమందికి పైగా పట్టాళంలో చేరారు. చాలామందిని బర్మాకి పంపారు. మన దేశం మీదుగానే వెళ్లారు, ఇక్కడే తర్ఫీదు పొందారు. కలదాన్ లోయ అడవుల్లో బండి నడిచే దారి లేదు. విమానాలు జారవిడిచిన సామాను తల మీద పెట్టుకుని, జపానువాళ్లతో పోరాడుతూ నడిచారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు తెలుసు కదా? రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనవాళ్లు స్థిరపడ్డ చోటు. అక్రాలో కూడా బర్మా క్యాంపు ఉంది. ఆ దేశపు సైన్యానికి అదే ప్రధాన కేంద్రం. ఒక యుద్ధం రెండు ఊళ్లలో ఒకే పేరు వదిలి వెళ్లింది.

తిరిగొచ్చిన సిపాయిలకి ఉద్యోగాల్లేవు, చెప్పిన పింఛన్లు రాలేదు, బజారులో ధరలు మండుతున్నాయి. ఆ జనవరిలో నీ క్వబెనా బోనే అనే అక్రా దొర కంపెనీ కొట్లని బహిష్కరించమని పిలుపిచ్చాడు. నెల రోజులు జనం కట్టుబడ్డారు. కంపెనీలు దిగొచ్చి, మా లాభం డెబ్బై ఐదు శాతం నుంచి యాభైకి తగ్గించుకుంటాం అన్నాయి. ఫిబ్రవరి 28న బహిష్కరణ ఎత్తేశారు. యాభై అన్న మాట వీధుల్లోకి వచ్చేసరికి సగం ధర అయిపోయింది. పొద్దున్నే సంచీలు పట్టుకుని ఆడవాళ్లు కొట్లకి వెళ్లారు. సగం ధరకి బట్ట వస్తుందని. వెళ్లి చూస్తే పాత ధరకీ కొత్త ధరకీ పెద్ద తేడా లేదు. లాభంలో తగ్గింపుకీ ధరలో తగ్గింపుకీ ఎంత దూరమో మీకు తెలుసు కదా.

సరిగ్గా అదే రోజు మాజీ సిపాయిల ఊరేగింపు. చేతిలో అర్జీ. సచివాలయానికి వెళ్లడానికి అనుమతి ఉంది. కానీ వాళ్లు దారి మళ్లారు, గవర్నరు ఉండే చోటికి. గవర్నరు ఎక్కడుంటాడు? ఓసు కోటలో. డేన్లు బానిసల కోసం వాడిన అదే క్రిస్టియన్స్‌బోర్గ్‌లో. కోటకి వెళ్లే నాలుగురోడ్ల కూడలిలో పోలీసు సూపరింటెండెంట్ ఇమ్రే కొద్దిమంది పోలీసులతో అడ్డం నిలబడ్డాడు. వెనక్కి పొమ్మన్నాడు. వాళ్లు ఆగలేదు. కాల్చమని పోలీసులకి చెప్తే వాళ్లు తటపటాయించారు. తనే పక్కవాడి తుపాకీ లాక్కుని కాల్చాడు. ముగ్గురు పడిపోయారు. సార్జంట్ అజెటే, కార్పొరల్ అటిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే. ముగ్గురూ ఇంగ్లండు కోసం పోరాడొచ్చినవాళ్లే.

ఆ కబురు బజారు చేరింది. బజారులో అప్పటికే కోపంతో ఉన్న జనం. ఇంక చెప్పాలా? యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ కొట్లు తగలబడ్డాయి, అల్లర్లు వేరే ఊళ్లకి పాకాయి. ఇరవై తొమ్మిది మంది చనిపోయారు.

ప్రభుత్వం ఎవర్ని పట్టుకుంది? ఆరుగురు నాయకుల్ని. వాళ్లు అంతకు ముందు ఆగస్టులో సాల్ట్‌పాండ్‌లో పెట్టిన ఒక పార్టీవాళ్లు. న్యాయవాదులు, పెద్దమనుషులు. జె.బి. డాంక్వా వాళ్లలో మేధావి. పార్టీ పనులు చూడ్డానికి కార్యదర్శి కావాలని, అమెరికాలో ఇంగ్లండులో పన్నెండేళ్లు చదువూ రాజకీయమూ చేసిన ఒకతన్ని పిలిపించుకున్నారు. 1947 డిసెంబర్లో వచ్చాడు. శనివారం పుట్టిన క్వామే. క్వామే ఎన్‌క్రుమా. ఆ అల్లర్లు ఈ ఆరుగురు చేయించినవి కాదు. కానీ జైలు వాళ్లకి పేరిచ్చింది. పేరు వచ్చాక ఎన్‌క్రుమాకి, పెద్దమనుషులకి పొసగలేదు. వాళ్ల మాట "వీలైనంత త్వరలో స్వపరిపాలన". ఇతని మాట "ఇప్పుడే". 1949 జూన్ 12న వేరే పార్టీ పెట్టాడు. 1950 జనవరిలో, గాంధీగారి పద్ధతి నుంచి నేర్చుకున్నదే, సమ్మెలూ సహాయ నిరాకరణా మొదలుపెట్టాడు. మళ్లీ జైలు.

1951 ఫిబ్రవరి ఎన్నికలప్పుడు ఎన్‌క్రుమా జైల్లోనే ఉన్నాడు. బయట పార్టీని అతని సహచరుడు బెడెమా నడిపాడు. అక్రాలో పోలైన 23,122 ఓట్లలో ఎన్‌క్రుమాకి 22,780 వచ్చాయి. గవర్నర్ ఆర్డెన్ క్లార్క్ తెలివైనవాడు. ఇతన్ని లోపల ఉంచి ఆ దేశాన్ని ఏలడం కుదరదని తెలుసుకున్నాడు. ఫిబ్రవరి 12న జైలు తలుపు తీశారు. మర్నాడు కోటకి పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమన్నారు. జైలుకెళ్లొచ్చినవాళ్లు టోపీ మీద పి.జి. అని అక్షరాలు కుట్టించుకుని తిరిగేవాళ్లు. పోస్టు గ్రాడ్యుయేట్ అనుకునేరు. ప్రిజన్ గ్రాడ్యుయేట్! (నవ్వులు)

ఇక్కడిదాకా మనకి బాగా తెలిసిన సినిమాలాగే ఉంటుంది. నేను అసలు చెప్పాలని వచ్చింది దీని తర్వాత సంగతి.

1954లో ఎన్‌క్రుమా ప్రధానమంత్రి. ఇంకా పూర్తి స్వాతంత్ర్యం రాలేదు. కోకో ధర లండన్‌లో టన్ను నాలుగొందల పౌండ్లు దాటింది. అప్పుడు ఆయన ప్రభుత్వం చట్టం చేసింది, రైతుకిచ్చేది అరవై పౌన్ల బరువున్న మోపుకి 72 షిల్లింగులే అని. లెక్క వేస్తే టన్నుకి 134 పౌండ్లు. మిగతాది బోర్డుకి, అంటే ప్రభుత్వానికి, బడులకీ రోడ్లకీ రేవులకీ. మంచి పనులే, కాదనను. ఆ డబ్బుతో బడులు వచ్చాయి. కానీ కంపెనీల ఒప్పందం మీద తిరగబడ్డ రైతుకి, ఇప్పుడు తన సొంత ప్రభుత్వం అదే పని చేస్తోంటే ఎలా ఉంటుంది? అశాంతి ప్రాంతంలో రైతులూ తెగ దొరలూ యువకులూ కలిసి కొత్త పార్టీ పెట్టారు, కోకో చెట్టే గుర్తు. కుమాసిలో నాటుబాంబులు పేలాయి, మనుషులు చచ్చిపోయారు. స్వాతంత్ర్యమే ఆగిపోతుందేమో అనిపించింది. లండన్ మరో ఎన్నిక పెట్టమంది. 1956లో 104 స్థానాల్లో 71 ఎన్‌క్రుమా పార్టీకి వచ్చాయి.

అలా 1957 మార్చి 6. తేదీ గమనించారా? 1844లో సంతకాలు పెట్టిన రోజే. కావాలనే ఆ రోజు పెట్టుకున్నారు. అక్రాలో తెల్లదొరలు గుర్రాలెక్కి పోలో ఆడుకున్న మైదానంలో, అర్ధరాత్రి, ఉత్తరాది రైతులు వేసుకునే నేత చొక్కా, నెత్తి మీద ఆ పి.జి. టోపీ పెట్టుకుని ఎన్‌క్రుమా వేదికెక్కాడు. మన దేశం ఎప్పటికీ స్వేచ్ఛగా ఉంటుందన్నాడు, ఆఫ్రికా మొత్తం విముక్తి కాకపోతే ఘనా స్వాతంత్ర్యానికి అర్థం లేదన్నాడు. కింద జనంలో మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నారు. ఆయన కళ్లమ్మట నీళ్లొచ్చాయని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

మరుసటి ఏడాదే నివారక నిర్బంధ చట్టం. విచారణ లేకుండా ఐదేళ్లు లోపల పెట్టొచ్చు. మనం నవ్వక్కర్లేదు, మన పార్లమెంటు అలాంటి చట్టం 1950లోనే చేసింది. ఎన్‌క్రుమాని పిలిపించుకున్న ఆ డాంక్వా, అదే చట్టం కింద ఎన్‌సావాం జైల్లో 1965 ఫిబ్రవరిలో చనిపోయాడు. ఏడాది దాటిన కొద్దిరోజులకే ఎన్‌క్రుమా హనోయికి వెళ్తూ దారిలో ఉండగా సైన్యం తిరగబడింది. ఆ సైన్యంలో పెద్దలు బ్రిటిష్ పట్టాళంలో తర్ఫీదైనవాళ్లు. ఆయన 1972లో బుకారెస్ట్ ఆసుపత్రిలో పోయాడు, మళ్లీ సొంత నేల తొక్కలేదు.

ఎన్‌క్రుమా చెడ్డవాడా మంచివాడా అని అడక్కండి, నాకూ తెగదు. నాకు కనపడేది ఇదీ: ఇంగ్లీషువాళ్లు వెళ్తూ వెళ్తూ ఒక కోట, ఒక బోర్డు, ఒక జైలు వదిలి వెళ్లారు. వచ్చినవాళ్లు మూడింటినీ ఉన్నవున్నట్టే వాడుకున్నారు. సిపాయిలు చేరలేకపోయిన ఆ ఓసు కోటలోంచే ఘనా ప్రభుత్వం యాభై ఏళ్లు నడిచింది. కింద బానిసల కొట్లు, పైన అధ్యక్షుడి ఆఫీసు. తర్వాత కొత్త భవనం కట్టుకున్నారు. దానికి అప్పు ఇచ్చింది ఎవరో తెలుసా? భారతదేశం. కట్టిందీ మన కంపెనీయే.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, వెనక పెద్దాయన.

(శ్రోత: ఆ ముప్ఫై ఏడులో కోకో ఆపిన రైతులు, చివరికి ఎంతకి అమ్మారండీ?)

మంచి ప్రశ్న. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ నన్నిది అడగలేదు. ఏప్రిల్లో బస్తాలు బయటికి తీసేనాటికి ప్రపంచంలోనే ధర పడిపోయి ఉందండీ. నష్టానికే ఇచ్చారు.

(శ్రోత: ఇప్పుడక్కడ రేటు ఎవరు చెప్తారు మరి?)

బోర్డే. పేరు కొంచెం మార్చారు. ప్రతి సీజనుకీ ప్రభుత్వం ప్రకటిస్తుంది. మొన్న 2024లో లోకమంతా కోకో కరువొచ్చి మన దగ్గర కిలో వెయ్యి దాటింది చూశారూ, అప్పుడు పక్క దేశాల్లో ఎక్కువ ఇస్తున్నారని ఘనా రైతులు రాత్రిళ్లు సరిహద్దు దాటించి అమ్ముకున్నారు.

(శ్రోత: మరి వెయ్యి దాటింది, మళ్లీ సగానికి వచ్చేసింది కదండీ మాకు. ఇక్కడ బోర్డు కూడా లేదు.)

లేదండీ. ఇక్కడ ఫోను చేసి కనుక్కోవడమే. మీది ఎంతుంది ఇంకా?

(శ్రోత: ఆరు బస్తాలు ఆపానండీ.)